చెయ్యి ఆరేదాకా

మా ఇంట్లో గోడ గడియారం హాల్లో ఉండదు. పెరటి గుమ్మం పక్కన, చేతులు కడుక్కునే సింకు పైన ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు టైము చూసుకోవాలంటే అక్కడిదాకా నడవాలి. ఇదేం చోటని ఎవరైనా అడిగితే మా ఆయన గడ్డంతో నన్ను చూపిస్తాడు.

"నాకోసరం కాదప్పా. మా ఇన్‌స్పెక్టరమ్మకు డ్యూటీ ఆడ."

ఆ డ్యూటీ నేను కోరి తెచ్చుకున్నది కాదు. ఎట్లా వచ్చిందో చెబుతాను.

మాది ఆళ్లగడ్డ. మా వీధిలో కోడి కూత కంటే ముందు రాయి కోసే మిషన్ చప్పుడు వినిపిస్తుంది. మా ఆయన విగ్రహాలు చెక్కుతాడు. ఆయన ఉలి పట్టినన్నాళ్ళూ నేను లెక్క పట్టాను. ఏ విగ్రహం ఏ ఊరిది, ఎన్ని అడుగులు, ప్రతిష్ఠ ఏ తిథికి, రాయి ఎప్పుడు దిగింది, బండి ఎప్పుడు కదిలింది, అన్నీ నాకు తెలుసు. ఎవరైనా తేదీ తప్పు చెబితే నాకు అన్నంలో మట్టిబెడ్డ తగిలినట్టుంటుంది. మా ఆయనకు తేదీలతో పని లేదు. మా పెళ్ళి ఎప్పుడయిందంటే "వాన పడిన దినం" అంటాడు. అదీ తప్పే. వాన పడింది ముందురోజు.

ఆయన మూత్రపిండాలు రెండూ పని మానుకున్నాయని నంద్యాలలో డాక్టరు చెప్పినప్పుడు మా ముందు రెండు దారులు పెట్టాడు. వారానికి మూడు రోజులు నంద్యాల వచ్చి రక్తం శుభ్రం చేసే మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకోవడం ఒకటి. పొట్టకు మెత్తటి గొట్టం అమర్చుకుని, రోజుకు నాలుగుసార్లు ఇంట్లోనే పాత నీళ్ళు బయటికి దించి, సంచిలోని కొత్త మందునీళ్ళు లోపలికి ఎక్కించుకోవడం రెండోది. మురికిని ఆ నీళ్ళే లాక్కుని బయటికి తెస్తాయట.

మా ఆయన అడిగింది ఒక్కటే. "పొద్దన పూట షెడ్డులో కూర్చోవచ్చునా సార్?"

"సంచుల పద్ధతిలో కూర్చోవచ్చు. బరువులు ఎత్తకూడదు. దుమ్ములో ఉండకూడదు."

"బరువులు నా కొడుకు ఎత్తుతాడులే సార్. నేను కండ్లు మాత్రం చెక్కుతా."

ఇప్పుడు మా షెడ్డులో సగం పని మిషన్లది, తక్కిన సగం మా అబ్బాయిది. కిరీటం, నగలు, చీర కుచ్చెళ్ళు, అన్నీ వాడే చెక్కుతాడు. కళ్ళు మాత్రం ఇంకా వాళ్ళ నాయనవే. పొద్దున్నే వెలుతురు ఏటవాలుగా పడుతున్నప్పుడు, మిషన్లు ఆపించి, చిన్న ఉలితో రెప్ప గీత తీస్తాడు. కళ్ళ పని లేని రోజున ఇంట్లో కూర్చుని నా చారుకు వంకలు పెడతాడు. కాబట్టి సంచులే మేలని నేనూ గట్టిగా అన్నాను.

ఆ పని నేర్పడానికి ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఉంది. నంద్యాల పిల్లే. నన్ను అవ్వా అనీ, ఆయన్ను తాతా అనీ పిలిచేది. పిలుపు మనవరాలిది, చూపు హెడ్మాస్టరుది. సంచి ఎట్లా ఉంటుందో చూద్దామని పోయిన మమ్మల్ని సింకు దగ్గర నిలబెట్టింది. మొదటి రెండు రోజులూ చేతులు కడగడమే పాఠం.

"తాతా, చెయ్యి చూపీ." ఆయన అరచెయ్యి తిప్పి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఏందిది! ఇన్ని గుంతలు మా నంద్యాల రోడ్ల మీద గూడా లేవు."

"రాళ్ళు కొట్టిన చెయ్యి పాపా. నీ మాదిరి సూదులు గుచ్చే చెయ్యి కాదు."

"అందుకే చెప్తాండా. గుంత గుంతలోకి సబ్బు పోవల్ల. మళ్ళ ప్రతి గుంతలో తడి ఆరల్ల."

ఉంగరం తీయించింది. అరచేతులు, వాటి వెనక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కింద, అన్నీ వరసగా రుద్దించింది. కుళాయి మోచేత్తో కట్టడం నేర్పింది. ఆ తర్వాత గోడకున్న పెట్టెలోంచి కాగితం లాగి ఇచ్చి, అసలు సంగతి అప్పుడు చెప్పింది.

"కడగడం అందరికీ వస్తాది తాతా. ఆరబెట్టేదే ఎవురికీ రాదు. తడిచెయ్యి జిగురుచెయ్యి మాదిరి. యాడ పెడితే ఆడుండే క్రిమి అంటుకుంటాది. నీ చేతి నుంచి ఒక్క చుక్క గొట్టం మూతిలో పడిందంటే నేరుగా పొట్టలోకి పోతాది."

ఆ వార్డు బయట, బాత్రూము గోడకు, వేడిగాలి వదిలే పెట్టె ఒకటి బిగించి ఉంది. చేతులు కింద పెడితే బుస్సుమంటుంది. మా ఆయనకు అది మహా ముచ్చటగా తోచింది. పాపం, దానికి ఓపిక తక్కువ. చేతులు ఆరకముందే ఆగిపోయేది. నేను ఎదురుగా బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను గమనించాను. మగవాళ్ళు దాని ముందు ఒకసారి చేతులు చాపి, రెండోసారికి ఆగలేక ప్యాంటుకు తుడుచుకుంటూ బయటికి వస్తారు. ఆడవాళ్ళు ఆ పెట్టె వంక చూడరు. కొంగు ఉంది కదా. నేనూ కొంగుకే తుడుచుకున్నాను. అది నర్సమ్మ కంట పడింది.

"అవ్వా, పొద్దన్నుంచి ఆ కొంగుతో ఏమేం తుడిచినావో చెప్పు."

అడిగితే లెక్క దాచడం నాకు చేతకాదు. బస్సులో సీటు, నా కళ్ళద్దాలు, రెండు బత్తాయి పండ్లు, మా ఆయన మూతి అని చెప్పాను.

"చాల్లే అవ్వా," అంది.

మా ఆయనకు గాలిపెట్టె మీద మనసు పోలేదు. "పాపా, మా షెడ్డులో గూడా గాలికొట్టే మిషన్ ఉండాది. రాతిదుమ్ము ఊదేది. దాని ముందర చెయ్యి పెడితే క్షణంలో ఆరిపోతాది."

నర్సమ్మ చేతికి గ్లవ్స్ ఉండటంతో ముంజేత్తోనే నుదురు కొట్టుకుంది. "సంచి మార్చేటప్పుడు ఫ్యాను గూడా ఆపమంటి గదా తాతా! గాలికి దుమ్ము లేస్తాది, దుమ్ముతో క్రిములు లేస్తాయని ఇంతసేపూ చెప్తి. నువ్వు దుమ్ము మిషనే తెస్తానంటావ్!"

"ఆరబెట్టమంటివి గదా అని అడిగినా."

ఇంటికొచ్చాం. పెరటి వైపు గది ఖాళీ చేసి, సున్నం వేయించి, కిటికీలకు తలుపులు సరిచేయించాం. మందునీళ్ళ సంచులు అట్టపెట్టెల్లో వచ్చాయి, గోడ వారగా పేర్చాను. ఎన్ని నీళ్ళు లోపలికి పోయాయి, ఎన్ని బయటికి వచ్చాయి, బరువెంత, బీపీ ఎంత అని క్యాలెండరు మీద తేదీ కిందే రాసేదాన్ని. ఆయన చేతులకోసం విడిగా ఒక కొత్త తువ్వాలు పెట్టాను. మా ఇళ్ళలో భోజనం చేసి లేచిన చుట్టానికి చెంబుతో నీళ్ళిచ్చి, పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడటం మర్యాద. ఒక్క తువ్వాలు పంక్తి మొత్తానికీ సరిపోయేది, చివరివాడికి అందేసరికి దాన్ని పిండితే చారు వచ్చేది. అట్లాంటిది, ఒకే మనిషికి ఒక తువ్వాలు, అదీ రోజూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేసినది! శుభ్రంలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో లేరనుకున్నాను.

ఆషాఢంలో ఒక పొద్దున మా ఆయన కడుపునొప్పి అన్నాడు. బయటికి దిగిన నీళ్ళను పరీక్షించే పద్ధతి నర్సమ్మ నేర్పింది. సంచిని వార్తాపత్రిక మీద పెట్టి చూడాలి. లేత పసుపు నీళ్ళలోంచి అక్షరాలు చదవగలిగితే మంచిదే. ఆ రోజు సంచి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. పెద్ద అక్షరాలు కూడా కనిపించలేదు.

"ఈ పొద్దు పేపర్లో వార్తలే లేవు మే," అన్నాడు నాతో, కడుపు పట్టుకుని.

అంబులెన్సు కోసం చూడకుండా అబ్బాయి కారు మాట్లాడాడు. నంద్యాలలో ఆ నీళ్ళలోకే మందులు కలిపి ఎక్కించారు. తగ్గింది. ఇంటికి పంపేముందు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి అన్నీ అడిగింది. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"దినానికి ఒకటేనా అవ్వా?"

"రోజూ ఉతుకుతాను. ఉడుకు నీళ్ళలో."

"మొదటిసారికి బాగుంటాది. రెండోసారికి అది తడిగుడ్డ. నాలుగోసారికి క్రిముల ఇల్లు. ఒకసారి తుడిచినది మళ్ళ ముట్టకూడదు."

నాకు కోపం వచ్చింది. నా తువ్వాలును అంత మాట అన్నవాళ్ళు అంతవరకూ లేరు. కానీ ఆ పిల్ల చెప్పింది నిజమే కదా, కాబట్టి కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మా ఆయన మీద పెట్టుకున్నాను.

ఆళ్లగడ్డ అంగట్లో దొరికిన కాగితపు రుమాళ్ళు తెప్పించాం. అవి హోటల్లో మూతి తుడుచుకోవడానికి పనికొస్తాయేమో గాని, శిల్పి చేతికి ఆగవు. ఆయన గట్టిగా తుడిస్తే కాగితం నలిగి, పీలికలైపోయి, అరచేతి పగుళ్ళలో ఇరుక్కునేది. దాన్ని పిన్నీసుతో తీద్దామని చూసినవాడు మా ఆయన. ఇక లాభం లేదని ఆయన పాత తెల్లపంచెలు రెండు తీసి, చదరంగా ముక్కలు కత్తిరించి, అంచులు కుట్టి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టాను. వారానికి ఇరవై ఎనిమిది, చేతిలో ఉండేందుకు ఇంకో రెండు. ఒకసారి తుడిచిన ముక్క నేరుగా బకెట్లోకి. ఫోనులో ఫొటో పంపితే నర్సమ్మ బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపింది. అది మెచ్చుకోలు అని మా అబ్బాయి చెప్పాడు.

"నా పంచెలన్నీ ముక్కలు చేస్తాండావ్. రేపు నేనేం కట్టుకోవల్ల?" అన్నాడు మా ఆయన.

"నీకింకా నాలుగు ఉన్నాయి. రెండు చిరుగులు, రెండు మంచివి."

ఇంత చేసినా శ్రావణం వెళ్ళకముందే సంచి మళ్ళీ మసకబారింది.

ఈసారి డాక్టరు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పోయినసారి దొరికిన క్రిమే మళ్ళీ దొరికిందట. అది మనుషుల చర్మం మీద, ముక్కు దగ్గర మామూలుగానే ఉంటుందట. బయట ఉన్నంతవరకూ ఎవరి జోలికీ పోదు.

"ఇది చేతుల మీదుగానే పోతోందమ్మా. ఎక్కడో పొరపాటు జరుగుతోంది. ఇంకోసారి వస్తే గొట్టం తీసేయక తప్పదు. అప్పుడు మిషనే."

తిరుగు దారిలో మా ఆయన కారు కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎవరో దిగిపోతూ మరిచిపోయిన సామాను చూసినట్టు చూశాడు. షెడ్డులో ఉయ్యాలవాడ వైపు ఊరివాళ్ళ అమ్మవారు ఉంది. నల్లరాయి, మూడడుగులు. అన్నీ అయ్యాయి, ముఖంలో కళ్ళ చోటు మాత్రం నున్నగా ఖాళీగా ఉంది. వారానికి మూడు రోజులు నంద్యాలకే పోతే, తక్కిన రోజులు ఆ అలసట తీరడానికే చాలవు. తోటి రోగులను చూశాం కాబట్టి మాకు తెలుసు. ఆ చెయ్యి తిరిగి రెప్ప గీతకు రావడం ఇక కల్ల.

గడియారం సింకు పైకి ఎక్కింది ఆ మర్నాడే.

నేను ముక్కుకు మాస్కు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఆయన రుద్దుతుంటే గడియారం చూసేదాన్ని. ముల్లు పూర్తిగా తిరగకముందే కుళాయి దగ్గరికి మోచెయ్యి పోతే "ఊఁ" అనేదాన్ని.

"తోలు ఊడొస్తాది మే."

"ఊడితే కొత్తది వస్తుంది. రుద్దు."

"పెండ్లయిన కొత్తలో నా చెయ్యి ఇంతసేపు చూసినావా నువ్వు?"

"అప్పుడు నీకు సబ్బు అలవాటు లేదు."

అందరినీ అనుమానించాను. షెడ్డు దుమ్ము వస్తోందని అబ్బాయిని వాకిట్లోనే కాళ్ళు కడుక్కోమన్నాను. పక్కింటి పిల్లిని రెండుసార్లు తరిమాను. పలకరించడానికి వచ్చి ఆయన చేతులు పట్టుకున్న మా మరిదిని, పట్టుకున్న చేతులు వదలమని మొహమాటం లేకుండా అన్నాను. మరిది అలిగి కాఫీ తాగకుండా పోయాడు. పాలు మిగిలాయి. నా క్యాలెండరులో మాత్రం ఒక్క తప్పు లేదు. నీళ్ళు, బరువు, బీపీ, కడిగిన టైము, తుడిచిన ముక్కలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంత సరిగ్గా ఉంటే రోగం ఎక్కడినుంచి వచ్చిందో ఆ గళ్ళల్లో ఎక్కడా లేదు.

మళ్ళీ చూపించుకోవడానికి పోయేముందు నర్సమ్మ ఫోను చేసింది. "అవ్వా, మీ పంచె ముక్కలు, సబ్బు, తాత పీట, అన్నీ తెచ్చుకో. ఇంట్లో ఎట్ల చేస్తాడో అట్లనే నా ముందర చేయల్ల. నువ్వు 'ఊఁ' అనకూడదు."

'ఊఁ' సంగతి ఆ పిల్లకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఆయన మొహం చూడగానే తెలిసింది.

శిక్షణ గదిలో ఫ్యాను ఆపి, తలుపు మూసింది. మా ఆయన మాస్కు కట్టుకున్నాడు. చేతులు కడిగాడు. పరీక్ష రాసే పిల్లవాడిలా మధ్యమధ్య మా వైపు చూస్తూ కడిగాడు. పంచె ముక్క తీసి తుడుచుకున్నాడు. అది మాత్రం చూడవలసిందే. ఆయన తడి తుడవడం విగ్రహానికి నూనె పట్టించినట్టే ఉంటుంది. ఒక్కొక్క వేలినీ మొదలు నుంచి కొసదాకా, కణుపు దగ్గర ఆగి, మడత తెరిచి, సందులోకి గుడ్డ కొన దూర్చి. నర్సమ్మ మొహం విప్పారింది.

"ఇట్ల తుడిచేవాళ్ళను నేను చూడలేదు తాతా."

మా ఆయన పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా పళ్ళెంలో సంచి, పక్కన గొట్టం మూత. ముందుకు వంగాడు. ఇక మూత తీయబోతాడనగా నర్సమ్మ అరిచింది.

"ఆగు!"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తాతా, ఇప్పుడేం చేసినావ్?"

"ఏం చేసినా? ఏమీ చేయల్యా."

"అవ్వా, నువ్వు చెప్పు. చేతులు తుడుచుకున్నాక తాత ఏం చేసినాడు?"

"తుడిచిన ముక్క పక్కన పెట్టాడు. కూర్చున్నాడు. మూత తీయబోయాడు." నేను ప్రమాణం చేసి చెప్పగలిగినంత నమ్మకంగా చెప్పాను.

నర్సమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మా ఆయన్ను లేపి తను పీట మీద కూర్చుని ముందుకు వంగి, రెండు చేతుల వేళ్ళ కొసలతో సంచిని తాకి, ఆ వేళ్ళు తీసి కుడికన్నుకూ ఎడమకన్నుకూ అద్దుకుంది.

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

మా ఇంట్లో ఉలి పట్టుకునే ముందు పెట్టెను తాకి కళ్ళకద్దుకోని మనిషి లేడు. మా మామ అట్లాగే చేసేవాడట. మా అబ్బాయి కోత మిషన్ స్విచ్ వేసేముందు మిషన్‌ను తాకి కళ్ళకద్దుకుంటాడు. యాభై ఏళ్ళుగా మా ఆయన చెయ్యి పైకి పోవడం, కిందికి రావడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఎంతగా చూశానంటే అసలు చూడటమే మానేశాను. ఆయన ఊపిరి పీల్చడం నేను ఎక్కడ రాసుకున్నాను గనక! రోజుకు నాలుగుసార్లు, నా కళ్ళెదుటే, ఇస్త్రీ చేసిన ముక్కతో గుంత గుంత తుడుచుకున్న ఆ వేళ్ళు, రాతిదుమ్ముకు ఏళ్ళ తరబడి నీరు కారే కళ్ళ మీదికి, ముక్కు పక్కకు పోయి, అక్కడినుంచి నేరుగా గొట్టం మూతికి పోయాయి.

"సంచికి దండమేంది తాతా?" నర్సమ్మ గొంతు ఈసారి మెత్తగా ఉంది.

"పనిముట్టు గదా పాపా. ప్రాణం నిలబెడతాండాది. దానికి మొక్కకుండా ఎట్ల ముట్టేది?"

"మొక్కొద్దని నేను అనల్యా. కడుక్కోకముందే మొక్కు. తర్వాత కడుక్కో."

మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. "కడగని చేత్తో మొక్కేదా?"

"మరి కడిగిన చేత్తో మొహం ముట్టేదా?"

ఎవరి శుభ్రం వాళ్ళది, ఎవరూ తగ్గేటట్టు లేరు. తీర్పు నేనే చెప్పాల్సి వచ్చింది. ముందు కడుక్కోవడం, మొక్కుకోవడం, మళ్ళీ కడుక్కోవడం, ఆరబెట్టుకోవడం. మొదటి కడుగు దేవుడికి, రెండోది డాక్టరుకు. మొదటిసారి తడి ఆయన కట్టుకున్న పంచెకు తుడుచుకున్నా పరవాలేదు, ఎట్లాగూ మళ్ళీ కడుగుతాడు కాబట్టి నా ముక్కల లెక్క మారదు. నర్సమ్మ ఆలోచించి సరేనంది.

"దినానికి ఎనిమిదిసార్లా! అరిగిపోతాను," అన్నాడు మా ఆయన.

"రాయికే అరగల్యా నీ చెయ్యి. నువ్వు అరుగుతావా?" అంది నర్సమ్మ.

ఇంతటితో అయిపోయిందని ఇద్దరం అనుకున్నాం. అలవాటు అంత సులువుగా వదిలితే దాన్ని అలవాటని ఎందుకంటారు? మర్నాడు దేవుడి కడుగు, మొక్కు, డాక్టరు కడుగు, అన్నీ వరసగా అయ్యాయి. గుడ్డతో తుడుచుకుని పీట మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళు మూత మీదే ఉన్నాయి. రెండు చేతులూ మాత్రం వాటంతట అవి ముందుకు పోయి సంచిని తాకాయి.

"ఊఁ!"

లేచి వెళ్ళి మళ్ళీ కడుక్కొచ్చాడు. కూర్చున్నాడు. చేతులు మళ్ళీ కదిలాయి.

"ఊఁ!"

"నేను కాదు మే. చెయ్యి నా మాట వినడంల్యా!" నవ్వుతూనే అన్నాడు గాని, ఆయన గొంతులో భయం నాకు వినిపించింది. నేను ఎన్నిసార్లని గుమ్మంలో కాపలా ఉండగలను? నేను ఒక్కసారి అటు తిరిగితే చాలు. ఒక్కసారి సంచి మసకబారితే చాలు. షెడ్డులో అమ్మవారు కళ్ళు లేకుండా కూర్చుని ఉంది.

మూడోసారి ఆయన కడుక్కుని వచ్చి కూర్చున్నప్పుడు నేను గుమ్మం దగ్గరినుంచి లోపలికి వచ్చాను. గోడ వారగా ఉన్న సంచుల అట్టపెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి, రెండు చేతులతో తాకి, కళ్ళకద్దుకున్నాను.

ఆయన నన్నే చూస్తున్నాడు.

"అయిపోయింది. నీ బదులు నేను మొక్కినాను. నా చేతులతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. ఇక మూత తియ్."

ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తర్వాత కుడిచెయ్యి నేరుగా, ఎక్కడా ఆగకుండా, గొట్టం మూత దగ్గరికి పోయింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. దేవుడి కడుగు మానేశాం, ఒక్క కడుగే మిగిలింది. నర్సమ్మకు చెబితే, మొక్కేవాళ్ళు పెట్టె దగ్గరే ఉండాలి, పళ్ళెం దగ్గరికి రాకూడదు, అని ఒక్క షరతు పెట్టింది. ఇప్పుడు గడియారం కింద ఆయన రుద్దుతుంటే నేను చూస్తాను. పెట్టె దగ్గర నేను మొక్కుతుంటే ఆయన చూస్తాడు. నేను నడుము నొప్పితో పైపైన తాకి లేవబోతే, మాస్కు వెనకనుంచి వినిపిస్తుంది.

"ఊఁ! రొంత వంగు. పని దొంగ మాదిరి మొక్కుతాండావ్."

"నీకు పనికొచ్చేంత వంగినాను. ఎక్కువ వంగితే లేపడానికి నువ్వు రావాలి, వస్తే మళ్ళీ చేతులు కడుక్కోవాలి."

దసరా ముందు అమ్మవారికి కళ్ళు చెక్కాడు. ఆ పొద్దున్నే మొదటి సంచి మార్చుకుని, మాస్కు కట్టుకుని షెడ్డుకు పోయాడు. ఉలిపెట్టెను మాత్రం తనే తాకి, తృప్తిగా, రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. నేను 'ఊఁ' అనలేదు. అక్కడ నా డ్యూటీ లేదు.

ఆయన తిరిగొచ్చాక మధ్యాహ్నం సంచి దించాం. లేత పసుపు నీళ్ళు. సంచి కింద పేపరు పరిచి, కళ్ళద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"వెలుగోడులో నీళ్ళు వదిలినారంట."

"పెద్ద అక్షరాలా, చిన్నవా?"

"చిన్నవే మే. అడుగున ఉండే చిన్నవి గూడా కనపడతాండాయి. తేదీ చదివేదా?"

చదివాడు. నిన్నటి తేదీ. నీళ్ళు మసకగా ఉండి తప్పు చదివాడేమోనని గబగబా లేచి వెళ్ళి, సంచి పక్కకు జరిపి చూశాను. పేపరే నిన్నటిది.